ఆ జెండా ఊరికే ఎగరలేదు!

తెర మీద జెండా కనబడగానే చప్పట్లు కొట్టిన తరం ఒకటుంది. హీరో ఎవరు, హీరోయిన్ ఎవరు, పాటలెన్ని అని అడిగేవారు కాదు. 'విజయావారి బొమ్మ' అంటే చాలు, బళ్ళు కట్టుకుని బయలుదేరేవారు. ఇప్పటి కుర్రకారు కూడా టీవీలోనో సెల్‌ఫోన్‌లోనో 'మాయాబజార్' చూసేటప్పుడు ఆ జెండాను చూసే ఉంటారు. గాలికి రెపరెపలాడుతూ ఉంటుంది. దాని మీద హనుమంతుడుంటాడు. అర్జునుడి రథం మీది కపిధ్వజం అన్నమాట. అర్జునుడికి విజయుడని మరో పేరు ఉంది కదా!

ఇంతకీ ఆ జెండా ఎగరేసినవాళ్ళెవరు? మద్రాసులో పుట్టి పెరిగిన షావుకార్లా? తాతల నాటి ఆస్తితో స్టూడియో కట్టుకున్న జమీందార్లా? కాదు. ఒకరిది కడప జిల్లా పల్లెటూరు. ఒకరిది తెనాలి. వాళ్ళకు అండగా నిలిచినవాళ్ళలో ఇద్దరిది అనంతపురం జిల్లా తాడిపత్రి. కనగానపల్లి నుంచి ధర్మవరానికో అనంతపురానికో బస్సెక్కి సినిమాకు వెళ్ళే తమ్ముళ్ళూ! ఆ జెండా గుడ్డలో మన సీమ నూలు కూడా ఉందని మీలో ఎందరికి తెలుసు?

వ్యాపారంలో పైకి రావాలంటే ఏం కావాలని ఎవరినడిగినా 'పట్టుదల' అని ఠకీమని చెప్పేస్తారు. మాట తేలికే. దాని అర్థం తెలియాలంటే మాత్రం విజయా వారి కథ వినాలి. తెర మీద మనం చూసిన కథలకు అదేం తీసిపోదు.

ఎర్రగడ్డల వ్యాపారం నుంచి అచ్చు యంత్రాల దాకా

బొమ్మిరెడ్డి నాగిరెడ్డి గారు 1912 డిసెంబరు 2న కడప జిల్లా పొట్టిపాడులో పుట్టారు. అన్నగారు బి.ఎన్. రెడ్డి. అవును, 'మల్లీశ్వరి' తీసిన బి.ఎన్. రెడ్డి గారే. వాళ్ళ కుటుంబానిది బర్మాకు ఉల్లిపాయలు ఎగుమతి చేసే వ్యాపారం. మన సీమ మాటలో చెప్పాలంటే ఎర్రగడ్డల వ్యాపారం. ఓడెక్కే సరుకుతో వ్యాపారమంటే మాటలా? ఇక్కడి మూట అక్కడికి చేరేలోపు కుళ్ళిపోవచ్చు. చేరాక ధర పడిపోవచ్చు. పైగా ఆ రోజుల్లోనే ప్రపంచయుద్ధం వచ్చిపడింది. 1942లో రంగూన్ జపాన్ వశమయింది. బర్మా వ్యాపారాన్నే నమ్ముకున్న తెలుగువాళ్ళు ఎందరో కట్టుబట్టలతో తిరిగివచ్చారు.

నాగిరెడ్డి గారు పట్టుకున్న దారి వేరు. మద్రాసులో అన్నగారు మొదలుపెట్టిన బి.ఎన్.కె. ప్రెస్సును తమ చేతిలోకి తీసుకున్నారు. అచ్చుపని అంటే నలుగురు కుర్రాళ్ళను పెట్టి శుభలేఖలు కొట్టించడం అనుకోలేదు. కాగితం, రంగు, యంత్రం అన్నీ స్వయంగా తెలుసుకున్నారు. ఆ పట్టే 1947 జూలైలో 'చందమామ'గా బయటికొచ్చింది. తెలుగులో 'చందమామ', తమిళంలో 'అంబులిమామ'. తరువాత ఒక్కొక్క భాషే చేరుతూ పోయింది. ఆ పత్రిక ఇప్పుడు రావడం లేదు. కానీ మీ ఇంట్లో అమ్మమ్మనో తాతయ్యనో కదిపి చూడండి. బేతాళుడు చెట్టు దిగి విక్రమార్కుడి భుజమెక్కే బొమ్మ వాళ్ళ కళ్ళలో ఇంకా కదులుతూ ఉంటుంది.

ఇక్కడ ఒక చిన్న సంగతి గమనించండి. సినిమాలోకి రాకముందే ఆయనకు నెలనెలా తప్పకుండా సరుకు తయారుచేసి జనం చేతికి అందించడం అలవాటయిపోయింది. ఒకటో తారీకుకు పుస్తకం రావాలంటే రావాలి. జ్వరమొచ్చినా, కాగితం దొరక్కపోయినా రావాలి. సినిమా పరిశ్రమ దృష్టిలో ఆ రోజుల్లో ఇదొక వింత!

ఆసుపత్రి మంచం మీద బెంగాలీ పాఠం

నాగిరెడ్డి గారి జంట చక్రపాణి గారు. అసలు పేరు ఆలూరి వెంకట సుబ్బారావు. ఊరు తెనాలి. 1930ల్లో ఆయనకు క్షయ సోకింది. ఆ రోజుల్లో క్షయ అంటే ఇంట్లోవాళ్ళు ఆశ వదిలేసుకునే జబ్బు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియంలో చేర్చారు. మంచం మీద పడుకుని పైకప్పు చూస్తూ రోజులు లెక్కపెట్టుకోవలసిన మనిషి ఏం చేశారో తెలుసా? తోటి రోగి ఒకాయన బెంగాలీవాడు. ఆయన దగ్గర బెంగాలీ భాష నేర్చుకున్నారు! జబ్బు తగ్గి బయటికి వచ్చాక శరత్ నవలలను తెలుగు చేశారు. మన అమ్మమ్మల కాలంలో శరత్‌ను తెలుగువాడే అనుకున్నవాళ్ళు ఎందరో ఉన్నారు. అంత తెలుగుతనం తెచ్చిన కలం ఆయనది.

ఆ కలమే తరువాత విజయా వారి కథలకు నడక నేర్పింది. 'మిస్సమ్మ'లో హాస్యం ఎంత మెత్తగా ఉంటుందో, 'గుండమ్మ కథ'లో గయ్యాళితనం కూడా ఎంత ముద్దుగా ఉంటుందో చూశారు కదా. నాగిరెడ్డి గారిది లెక్క, చక్రపాణి గారిది కథ. ఇద్దరూ విడివిడిగా గొప్పవాళ్ళే. కానీ ఒకరి పనిలో ఒకరు వేలు పెట్టకుండా పాతికేళ్ళు కలిసి నడవడమే అసలైన గొప్ప. భాగస్వాములు మూడో నెలకే కోర్టుకెక్కే ఈ లోకంలో ఇది మామూలు సంగతి కాదు.

తాడిపత్రి స్నేహితుడు పూచీ పడ్డాడు

ఇప్పుడు మన ఉమ్మడి జిల్లాకు వద్దాం. మూలా నారాయణస్వామి గారిది తాడిపత్రి. వ్యాపారస్థుడు. బి.ఎన్. రెడ్డి గారితో కలిసి వాహినీ సంస్థకు మూలస్తంభంగా నిలిచినవారు. ఆయన స్నేహితుడు కదిరి వెంకటరెడ్డి. అదే, మనందరికీ తెలిసిన కె.వి. రెడ్డి గారు. 1912లో తాడిపత్రిలోనే పుట్టారు. సినిమాలో ఆయన మొదటి పని ఏమిటనుకున్నారు? క్యాషియర్! డబ్బు పెట్టె దగ్గర కూర్చుని లెక్కలు రాసే ఉద్యోగం. తరువాత వాహినీలో ప్రొడక్షన్ మేనేజరు అయ్యారు. ఎంత మేకు కొన్నారు, ఎంత చెక్క కొన్నారు, ఎవరి కారుకు ఎంత పెట్రోలు పోశారు... ఇదీ ఆయన పని.

అలాంటి మనిషి 'నేను డైరెక్టు చేస్తాను' అంటే ఎవరు నమ్ముతారు? సంస్థలో కొందరికి సందేహం కలిగింది. అప్పుడు నష్టమొస్తే తాను భరిస్తానని నారాయణస్వామి గారు స్నేహితుడికి పూచీగా నిలిచారని చెబుతారు. ఆ చిత్రమే 'భక్త పోతన'. జపాన్ బాంబులు పడతాయన్న భయంతో 1942లో జనం మద్రాసు ఖాళీ చేసి పోయిన రోజులవి. అలాంటి రోజుల్లో తయారై 1943లో విడుదలయింది. నాగయ్య గారి పోతన్నను చూడడానికి జనం ఎగబడ్డారు. ఆ తరువాత 'యోగి వేమన', 'గుణసుందరి కథ'. క్యాషియరు గారు అగ్రదర్శకుడయ్యారు!

నారాయణస్వామి గారి కథ మాత్రం సుఖాంతం కాలేదు. వాహినీ వారు 1948లో మద్రాసు వడపళనిలో సొంత స్టూడియో నిలబెట్టారు. రెండేళ్ళు తిరక్కుండానే, 1950లో ఆయన కన్నుమూశారు. పట్టుదల ఉన్నవాళ్ళంతా ఫలం తింటారని సినిమాలో చూపించవచ్చు గానీ జీవితం అలా రాయదు. కొందరు చెట్టు నాటి వెళ్ళిపోతారు. ఆ స్టూడియోను నాగిరెడ్డి గారు మొదట కౌలుకు, తరువాత సొంతానికి తీసుకున్నారు. అదే విజయా-వాహినీ అయింది. ఒకప్పుడు ఆసియాలోకెల్లా పెద్ద స్టూడియో అని పేరు తెచ్చుకుంది.

తొలి బొమ్మకే దెబ్బ!

విజయా సంస్థ తొలి చిత్రం 'షావుకారు' 1950లో వచ్చింది. దర్శకుడు ఎల్.వి. ప్రసాద్. ఈ చిత్రంతో జానకి గారికి 'షావుకారు జానకి' అనే పేరు శాశ్వతంగా అతుక్కుపోయింది. చూసినవాళ్ళు చాలా బాగుందన్నారు. కానీ డబ్బులు రాలేదు.

ఇక్కడే మామూలు నిర్మాతకూ విజయా వారికీ తేడా. మామూలు నిర్మాత అయితే 'జనానికి టేస్టు లేదండీ' అని నాలుగు రోజులు తిట్టి, ఆఫీసుకు తాళం వేసి ఊరెళ్ళిపోతాడు. లేదా మొండికెత్తి అలాంటిదే మరొకటి తీసి ఇల్లు కూడా అమ్ముకుంటాడు. వీళ్ళు రెండూ చెయ్యలేదు. జనం ఏం కోరుతున్నారో ఆలోచించారు. 'చందమామ' కథల కోసం పిల్లలూ పెద్దలూ నెలనెలా ఎదురుచూడడం కళ్ళారా చూస్తున్నవాళ్ళు కదా! మాంత్రికుడు, మాయలు, తోటరాముడు... కె.వి. రెడ్డి గారిని పిలిచారు. పింగళి నాగేంద్రరావు గారు కలం పట్టారు. తెరకొచ్చి రెండేళ్ళు కూడా నిండని కుర్రాడు ఎన్.టి. రామారావు హీరో. మాంత్రికుడిగా ఎస్.వి. రంగారావు. 1951 మార్చిలో 'పాతాళభైరవి' వచ్చింది. ఇక చెప్పేదేముంది! ఊరూరా శతదినోత్సవాలే. 1952లో మనదేశంలో తొలిసారి జరిగిన అంతర్జాతీయ చలనచిత్రోత్సవానికి దక్షిణాది నుంచి వెళ్ళిన చిత్రం కూడా అదే.

మారింది కథ. మారనిది పని చేసే పద్ధతి. నెలజీతాలు ఒకటో తారీకున పడాలి. షూటింగు అనుకున్న వేళకు మొదలవాలి. నటులూ సాంకేతికులూ సంస్థలో ఉద్యోగుల్లా పనిచేసే ఏర్పాటు. రామారావు గారు కూడా మొదట్లో విజయా వారి నెలజీతం మీద పనిచేసినవారే!

నాలుగు రీళ్ళు చెత్తబుట్టలోకి

గెలిచాక కూడా పరీక్షలు ఆగలేదు. 1954 సంక్రాంతికి ముందు 'చంద్రహారం' విడుదలయింది. భారీ సెట్లు, భారీ ఖర్చు. భారీ నష్టం! 'పాతాళభైరవి' దారిలోనే మరోసారి పోదామనుకుంటే జనం రాలేదు.

అప్పటికే మరో తలనొప్పి. 'మిస్సమ్మ'కు ముందు అనుకున్న హీరోయిన్ భానుమతి గారు. నాలుగు రీళ్ళ దాకా తీశారు. ఒకరోజు ఆమె ఆలస్యంగా వచ్చారు. ఇంట్లో వ్రతమని ముందే కబురు పంపానని ఆమె, తనకు అందలేదని చక్రపాణి గారు. క్షమాపణ పత్రం రాయమన్నారు. ఆమె రాయనన్నారు. ఇద్దరిలో ఎవరి పట్టు వారిది. చివరికి తీసిన రీళ్ళు పక్కన పడేశారు. ఒక రీలంటే ఎంత డబ్బో, ఎందరి చెమటో ఆలోచించండి.

ఆ స్థానంలోకి ఎవరొచ్చారు? అదే చిత్రంలో రెండో హీరోయిన్‌గా ఉన్న సావిత్రి. నాలుగేళ్ళ కిందట 'పాతాళభైరవి'లో ఒక నృత్యంలో మాత్రమే కనిపించిన అమ్మాయి. 1950లో 'సంసారం'లో పెద్ద వేషం చేతికి వచ్చినట్టే వచ్చి జారిపోయిన అమ్మాయి. ఏడుస్తూ ఇంటికెళ్ళిపోకుండా, దొరికిన చిన్న వేషమే చేస్తూ, కళ్ళతో పని నేర్చుకుంటూ కూర్చుంది. తలుపు తెరుచుకున్న రోజున లోపలికి నడవడానికి సిద్ధంగా ఉంది. 1955 జనవరిలో 'మిస్సమ్మ' వచ్చింది. తెలుగులోనూ తమిళంలోనూ ఇల్లిల్లూ నవ్వింది. ఏడాది కిందటి నష్టాన్ని జనం మరిచిపోయారు.

పట్టుదల ఒక్క యజమానికే ఉంటే చాలదు తమ్ముళ్ళూ. రెండో వరసలో నిలబడినవాళ్ళకూ ఉండాలి. అప్పుడే కంపెనీ నిలుస్తుంది.

స్టాప్‌వాచీ పట్టుకున్న మాయావి

1957 మార్చి 27న వచ్చిన 'మాయాబజార్' గురించి కొత్తగా చెప్పేదేముంది? వెన్నెల్లో పడవ షికారు మనందరికీ ఇష్టమే. మార్కస్ బార్ట్‌లీ గారు స్టూడియో దీపాలతో కురిపించిన వెన్నెల అది! లడ్డూలు వాటంతటవే ఎగిరి ఘటోత్కచుడి నోట్లోకి పోతుంటే ఇప్పటి పిల్లలూ కళ్ళు పెద్దవి చేసుకుని చూస్తారు. 2013లో భారతీయ సినిమాకు నూరేళ్ళయిన సందర్భంలో సీఎన్‌ఎన్-ఐబీఎన్ వారు ఓట్లు అడిగితే దేశంలోని చిత్రాలన్నిటిలో మొదటి స్థానం దీనికే వచ్చింది.

కానీ తెర వెనుక సంగతి వేరు. కె.వి. రెడ్డి గారు స్క్రిప్టు పూర్తిగా సిద్ధమయ్యాకే సెట్టు మీదికి వచ్చేవారు. ఒక్కొక్క సన్నివేశం ఎన్ని నిమిషాలు పడుతుందో స్టాప్‌వాచీ పెట్టి చూసుకునేవారు. రిహార్సల్‌లో ఎక్కువ సేపు పట్టిందా, అక్కడే కోత. ఫిలిం తగలేశాక ఎడిటింగులో కోద్దాం అనే మాటే లేదు. చూశారా, క్యాషియరు బుద్ధి ఎక్కడికి పోతుంది! డబ్బుపెట్టె దగ్గర నేర్చుకున్న లెక్క మాయలమారి కథలో కూడా పనికొచ్చింది. ఆ రోజుల్లో కంప్యూటరు గ్రాఫిక్సు లేవు. ఉన్నవల్లా సహనం, లెక్క, మళ్ళీ మళ్ళీ చెయ్యడం.

అంతటి దర్శకుడికీ ఒడిదుడుకులు తప్పలేదు. 1965లో 'సత్య హరిశ్చంద్ర', 1968లో 'ఉమా చండీ గౌరీ శంకరుల కథ' ఆడలేదు. కాలం మారింది. ప్రేక్షకుల అభిరుచి మారింది. ఒకప్పుడు విజయాకు ప్రాణం పోసిన చేతికి పని దొరకడమే కష్టమయింది. రామారావు గారు పిలిచి 'శ్రీకృష్ణసత్య' అప్పగించారు. అది 1971లో విడుదలయింది. 1972 సెప్టెంబరు 15న కె.వి. రెడ్డి గారు కన్నుమూశారు. చివరి చిత్రం కూడా అదే స్టాప్‌వాచీ పద్ధతిలో తీసి, గౌరవంగా ముగించి వెళ్ళారు.

స్టూడియో పోయింది... సంస్థ పోలేదు

నాగిరెడ్డి గారి వ్యాపార దృష్టి ఎలాంటిదో చూడాలంటే 1964 తరువాతి కథ చూడాలి. రామానాయుడు గారు సురేష్ సంస్థ ద్వారా తీసిన 'రాముడు భీముడు' ఆ ఏడాది ఘనవిజయం సాధించింది. ఇంకొకరి బొమ్మ గెలిచిందని ముఖం ముడుచుకోలేదు నాగిరెడ్డి గారు. ఆ కథనే తమిళంలో ఎం.జి.ఆర్.తో 'ఎంగ వీట్టు పిళ్ళై'గా 1965లో, హిందీలో దిలీప్‌కుమార్‌తో 'రామ్ ఔర్ శ్యామ్'గా 1967లో తీశారు. రెండూ సూపర్ హిట్లు!

తరువాత మరో మలుపు. 1972లో వడపళనిలోనే విజయా ఆసుపత్రి మొదలయింది. అప్పుడు ఎందరో నవ్వి ఉంటారు. సినిమావాళ్ళకు ఆసుపత్రి ఎందుకయ్యా అని. కానీ తెలుగు చిత్రసీమ మెల్లగా హైదరాబాదుకు తరలిపోయింది. షూటింగులు అవుట్‌డోరుకు పోయాయి. మద్రాసులో పెద్ద పెద్ద స్టూడియోల ఫ్లోర్లు ఒక్కొక్కటిగా మూతబడ్డాయి. విజయా-వాహినీ ఫ్లోర్లూ ఆగలేదు. కళ్యాణమంటపాలు వచ్చాయి, ఆ తరువాత పెద్ద మాల్ వచ్చింది. ఘటోత్కచుడు అట్టహాసం చేసిన చోట ఇప్పుడు జనం షాపింగు చేస్తున్నారు. ఆసుపత్రి మాత్రం నిలిచింది. అన్నగారు బి.ఎన్. రెడ్డికి 1974 సంవత్సరానికి వచ్చిన దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు 1986 సంవత్సరానికి తమ్ముడు నాగిరెడ్డి గారిని వరించింది. 2004 ఫిబ్రవరి 25న ఆయన కన్నుమూశారు.

ఎర్రగడ్డలు, ప్రెస్సు, పత్రిక, స్టూడియో, సినిమా, ఆసుపత్రి. సరుకు ఎన్నిసార్లు మారిందో లెక్కపెట్టండి. మారనివి మూడే. చెప్పిన వేళకు పని, రాసిపెట్టిన లెక్క, పనిచేసినవాడికి కూలి. పట్టుదల అంటే వీటిని వదలకపోవడం. సరుకునే పట్టుకుని వేలాడితే దాన్ని మొండితనం అంటారు. ఈ తేడా తెలియకే ఎందరో నిర్మాతలు కార్లలో వచ్చి కాలినడకన వెళ్ళారు.

మగ్గం దగ్గర అడగండి

ఇదంతా మద్రాసు కథ, మాకెందుకు అంటారా? అయితే ధర్మవరంలో ఏ మగ్గం దగ్గరికైనా వెళ్ళి పది నిమిషాలు నిలబడండి. పట్టుచీర నేసేటప్పుడు పడుగులో పోగు తెగుతూనే ఉంటుంది. తెగిన ప్రతిసారీ నేతగాడు మగ్గం ఆపి, తెగిన పోగు వెతికి, ముడి వేసి, మళ్ళీ మొదలుపెడతాడు. కోపంతో చీర మొత్తం కోసిపారెయ్యడు. తెగినదాన్ని చూడనట్టు నేసుకుంటూ కూడా పోడు. అలా పోతే చీర పొడుగునా గీత పడుతుంది, షావుకారు ధర తగ్గిస్తాడు. నాగిరెడ్డి గారు 'షావుకారు' తరువాత చేసింది, 'చంద్రహారం' తరువాత చేసింది ఈ పనే!

మీలో కొందరు రేపు కనగానపల్లిలోనే ఓ సెల్‌ఫోను దుకాణమో, ఫొటో స్టూడియోనో, శనక్కాయల వ్యాపారమో పెడతారు. ఇంకొందరు కెమెరా పట్టుకుని హైదరాబాదు బస్సెక్కుతారు. సంతోషం. మొదటి ఆరునెలలూ బోణీ కాని రోజులుంటాయి. పక్కవాడు నవ్వుతాడు. 'వానలే లేని సీమలో నీకు వ్యాపారమేమిటిరా' అని బంధువులు అంటారు. ఆ రాత్రి పడుకునే ముందు ఒక్క పని చెయ్యండి. ఒక నోటుపుస్తకం తీసి ఆ రోజు ఎంత వచ్చింది, ఎంత పోయింది, ఎందుకు పోయింది అని రాయండి. తాడిపత్రి కుర్రాడొకడు అక్కడే మొదలుపెట్టాడు మరి!